సెయింట్ అగస్టీన్‌లో ఆర్వీ సైట్ బుక్ చేస్తున్నారా? ‘సైట్ లాక్’ ఫీజు కట్టేముందు ఇది చదవండి

అట్లాంటా, జాక్సన్‌విల్, టాంపా వైపు నుంచి ఆర్వీ (లోపలే పడక, వంటగది ఉండే బండి) అద్దెకు తీసుకుని ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ వెళ్ళే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అందుకే రాస్తున్నాను. నిన్న రాత్రే ఇల్లు చేరాం, ఇంకా కోపం చల్లారలేదు. పార్క్ పేరు ఇక్కడ పెట్టడం లేదు, డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డ్ కంపెనీ దగ్గర డిస్ప్యూట్ వేశాం, అది తేలేదాకా పెట్టను. ఊరికి దగ్గరలో ఉన్న ప్రైవేట్ ఆర్వీ పార్కుల్లో, అంటే బండి నిలిపి ఉండడానికి చోట్లు (సైట్లు) అద్దెకిచ్చేవాటిలో, ఒకటి అనుకోండి. ఫొటోలు బాగుంటాయి, రివ్యూలూ బాగానే ఉన్నాయి.

మావయ్యగారు, అత్తయ్యగారు బందరు నుంచి వచ్చారు, ఈ నెలాఖరుకి తిరుగు ప్రయాణం. మావయ్యగారు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమెరికా వచ్చిన దగ్గర్నుంచి ఆయన నోరు తెరిచి అడిగింది ఒకటే, సెయింట్ అగస్టీన్ కోట చూపించమని. నయాగరా అడగలేదు, డిస్నీ అడగలేదు. స్పెయిన్ వాళ్ళు ఆ ఊరికి పునాది వేసింది 1565లో, అదే ఏడాది జనవరిలో తళ్ళికోట యుద్ధంతో విజయనగరం కూలిపోయింది. కోట కట్టడం మొదలైంది 1672లో, గోల్కొండలో తానీషా గద్దెనెక్కిన సంవత్సరం. ఇలా ఆ ఊరి తేదీ పక్కన మన దేశపు తేదీ పెట్టి మా పిల్లలకి చెబుతూ ఉంటే వాళ్ళు ఫోన్లు పక్కన పెట్టి వినేవాళ్ళు. ఆ కోట గోడలు కొకీనా రాయివి, అంటే సముద్రపు చిప్పలూ గవ్వలూ ఒకదానికొకటి అతుక్కుపోయి గట్టిపడిన రాయి. ఎదురుగా ఉన్న అనస్తాసియా దీవిలో తవ్వి తెచ్చారు. 1702లో కరొలైనా నుంచి వచ్చిన ఇంగ్లీషు సైన్యం ఊరు తగలబెట్టింది కానీ కోటని మాత్రం పట్టుకోలేకపోయింది. 1740లో మళ్ళీ ముట్టడించారు. గుండ్లు గోడలో దిగబడ్డాయి తప్ప గోడ పగల్లేదు. ఆ గోడ పక్కన నిలబడి దగ్గరగా చూడాలని మావయ్యగారి కోరిక. మాకూ ఫ్లోరిడాలో అన్నిటికంటే ఇష్టమైన ఊరు అదే.

అనస్తాసియా స్టేట్ పార్కులో దొరికితే ఈ గొడవే ఉండేది కాదు. అక్కడున్నవి 139 సైట్లు. ఫ్లోరిడా వాళ్ళకి 11 నెలల ముందు, బయటి రాష్ట్రాలవాళ్ళకి 10 నెలల ముందు బుకింగ్ తెరుస్తారు. జూలై 4 వీకెండ్‌కి మనదాకా ఏమీ మిగలదు. అందుకని ఈ ప్రైవేట్ పార్కులో తీసుకున్నాం. 50 యాంప్ కరెంటు, నీళ్ళు, సీవర్ (మురుగు పోయే గొట్టం) మూడూ ఉన్న, అంటే ఫుల్ హుకప్ ఉన్న పుల్ త్రూ సైట్ (బండి రివర్స్ చేయకుండా నేరుగా లోపలికీ బయటికీ నడపగలిగేది). అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి బాత్‌హౌస్ పక్కనే ఉండేలా మ్యాప్ చూసి మరీ నంబర్ ఎంచుకున్నాం. కచ్చితంగా ఆ నంబరే కావాలంటే ‘సైట్ లాక్’ ఫీజు అదనంగా కట్టాలన్నారు. కట్టాం. కన్ఫర్మేషన్ మెయిల్లో సైట్ నంబరూ ఉంది, లాక్ ఫీజూ ఉంది. దారిలో ఆగిన సవానా (జార్జియా) నుంచి బయల్దేరేముందు ఫోన్ చేసి, ఐ-95 హైవే మీద ట్రాఫిక్ ఉంది, చేరేసరికి రాత్రవుతుంది అని కూడా చెప్పాం. “పర్వాలేదు, మీ సైట్ మీకోసం ఉంటుంది” అన్నారు.

మేం చేరేసరికి పది కావస్తోంది. ఆఫీసు కిటికీ దగ్గర ఒకామె ఉంది. మా ఆయన ఫోన్లో కన్ఫర్మేషన్ చూపించారు. ఆమె దాని వైపు చూడనైనా చూడలేదు. పార్క్ మ్యాప్ కాగితం ఒకటి తీసి, పెన్నుతో వెనకవైపు మూలకి గీత గీసి, “ఇక్కడ ఓవర్‌ఫ్లోలో పెట్టుకోండి, ఉదయం 9కి ఖాళీ చేయాలి, రేపు ఆ చోటు వేరేవాళ్ళది” అంది. ఓవర్‌ఫ్లో అంటే సైట్లు నిండినప్పుడు బండ్లు పెట్టించే అదనపు చోటు. మేం బుక్ చేసింది రెండు రాత్రులకి. మా సైట్ ఏమైందని అడిగితే, “అక్కడ పైపు లీకవుతోంది, మెయింటెనెన్స్‌లో ఉంది” అంది. సరే, వేరే ఫుల్ హుకప్ సైట్ ఇవ్వండి, వెనక పెద్దవాళ్ళున్నారు అన్నాం. లేవంది. పోనీ డబ్బు వెనక్కి ఇవ్వండి, ఈ రాత్రికి ఏదో ఒకటి చూసుకుంటాం అన్నాం. వచ్చిన రోజు క్యాన్సిల్ చేస్తే రిఫండ్ ఉండదంది. మేం క్యాన్సిల్ చేయడం లేదమ్మా, మీరు ఇవ్వడం లేదు అని మా ఆయన మళ్ళీ మళ్ళీ చెబుతున్నారు.

అంతలో అత్తయ్యగారు బండి మెట్లు దిగి మెల్లగా నా దగ్గరికి వచ్చి, “ఏమ్మా, చోటు లేదంటున్నారా?” అని అడిగారు. అంతే. పక్కనున్న నాకే కష్టంగా వినబడింది, అంత నెమ్మదిగా అడిగారు. కిటికీలో ఆమె వేలెత్తి అత్తయ్యగారి వైపు చూపించి, “క్వైట్ అవర్స్ మొదలయ్యాయి, మీవాళ్ళని గొంతు తగ్గించమని చెప్పండి” అంది. అని షట్టర్ కిందికి లాగేసింది. లైటు కూడా ఆర్పేసింది. మేం ఆ చీకట్లో నిలబడే ఉన్నాం. అత్తయ్యగారికి ఇంగ్లీషు పెద్దగా రాదు. కానీ ఆ వేలు ఎవరి వైపు చూపించిందో అర్థం కావడానికి ఇంగ్లీషు అక్కర్లేదు కదా. నావల్లే ఆమెకి కోపం వచ్చిందా అని ఆ రాత్రంతా నన్ను అడుగుతూనే ఉన్నారు. డబ్బు పోతే పోయింది, ఆ మాట మాత్రం నా మనసులోంచి పోవడం లేదు.

ఓవర్‌ఫ్లోలో ఉన్నది 30 యాంప్ కనెక్షన్. ఆర్వీ కొత్తగా తీసుకునేవాళ్ళకి చెబుతున్నాను, 50 యాంప్ అంటే 12,000 వాట్ల దాకా వస్తుంది, 30 యాంప్ అంటే 3,600 వాట్లే. మాది రెండు ఏసీలున్న 34 అడుగుల బండి. రెండూ వేస్తే వెంటనే బ్రేకర్ ట్రిప్పయింది. ముందువైపు ఏసీ ఒకటే నడిచింది. వెనక బెడ్‌రూమ్‌లో పడుకున్నది మావయ్యగారు, అత్తయ్యగారు. జూలైలో ఫ్లోరిడా ఉక్క ఎలా ఉంటుందో తెలిసిందే. కిటికీ తెరిస్తే దోమలు, మూస్తే ఊపిరాడదు. చివరికి వాళ్ళని ముందుకి తీసుకొచ్చి సోఫా మీద పడుకోబెట్టాం. అత్తయ్యగారికి బీపీ ఉంది, తెల్లవార్లూ టెన్షనే.

పొద్దున్నే నేనూ మా ఆయనా ఆ ‘మెయింటెనెన్స్’లో ఉన్న సైట్ దగ్గరికి నడిచి వెళ్ళాం. అక్కడ పెద్ద ఫిఫ్త్ వీల్ (పికప్ ట్రక్కుకి తగిలించి లాగే ఆర్వీ) నిలబెట్టి ఉంది. కరెంటు, నీళ్ళు, సీవర్ గొట్టం అన్నీ తగిలించి ఉన్నాయి. బయట కుర్చీలో కాఫీ తాగుతున్న పెద్దాయన పాపం చాలా మర్యాదగా మాట్లాడారు. నిన్న మధ్యాహ్నం రిజర్వేషన్ లేకుండా వచ్చారట. వారం రోజులకి చోటుందా అని అడిగితే ఉందని డబ్బు కట్టించుకుని ఇదే ఇచ్చారట. పైపు లీకు గురించి అడిగితే ఆయన ఆశ్చర్యపోయారు. అంటే మా దగ్గర డబ్బూ లాక్ ఫీజూ తీసుకున్న చోటుని, వారం పాటు ఉండే మనిషి కనిపించేసరికి ఇంకోసారి అమ్ముకున్నారు. రాత్రి మా మొహం మీద అబద్ధం చెప్పారు.

ఆఫీసులో పొద్దున వేరే ఆయన ఉన్నాడు. అబద్ధం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. సైట్ మార్చే హక్కు మేనేజ్‌మెంట్‌కి ఉందని రూల్స్‌లో ఒక లైను చూపించాడు. మరి లాక్ ఫీజు ఎందుకు తీసుకున్నారంటే, అది ప్రాధాన్యం కోసమే, గ్యారంటీ కాదన్నాడు. క్షమించమన్న మాట వాళ్ళ నోట రాలేదు.

సవానాలో మేం ఉన్నది సీవర్ లేని సైట్. ఇక్కడ ఖాళీ చేసుకోవచ్చనుకున్నాం కాబట్టి బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు చేరే ట్యాంకు) నిండిపోయి ఉంది. దాన్ని ఖాళీ చేసే డంప్ స్టేషన్ దగ్గర లైన్లో నిలబడేసరికి పొద్దు సగం గడిచిపోయింది. చుట్టుపక్కల పార్కులన్నిటికీ ఫోన్లు చేశాం, వీకెండ్ కాబట్టి ఎక్కడా లేదన్నారు. అసలు ప్లాన్ ఏమిటంటే బండి సైట్లో పెట్టేసి క్యాబ్‌లో ఊళ్ళోకి వెళ్ళడం. బండి పెట్టే చోటే లేకపోతే ఆ ఊళ్ళో ఏం చేస్తాం? పాత వీధులు ఇరుకు, పార్కింగ్ గ్యారేజీలో మా బండి ఎత్తుకి దారే లేదు. కోట ముందు రోడ్డు మీదుగా ఒకసారి మెల్లగా పోనిచ్చాం. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. మావయ్యగారు కిటికీలోంచి చూశారు. “కనబడింది కదమ్మా, చాల్లే” అన్నారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇంకా బాధ. బండి తిరిగి ఇచ్చే గడువు ఉంది, అటునుంచి అటే ఇంటి దారి పట్టాం. డెబ్బై దాటిన మనిషి మళ్ళీ ఇంత దూరం ఎప్పుడు వస్తారు?

ఫీజు పేరు ‘లాక్’ అయినంత మాత్రాన సైట్ లాక్ అయినట్టు కాదు. కట్టేముందు సైట్ మార్చే హక్కు తమదని రూల్స్‌లో రాసి ఉందేమో చూడండి, ఉంటే ఆ ఫీజు కట్టకండి. ఫోన్లో హామీ ఇస్తే అదే మాట మెయిల్లో రాయమనండి. చేరగానే సైట్ నంబర్ బోర్డుతో సహా ఫొటో తీసుకోండి, మీ సైట్లో ఇంకో బండి ఉంటే దాన్ని కూడా. మా డిస్ప్యూట్‌కి ఇప్పుడు బలం ఆ ఫొటోనే. క్రెడిట్ కార్డుతోనే కట్టండి. ఇవ్వని సర్వీసుకి డబ్బు తీసుకుంటే, ఆ ఛార్జీ ఉన్న స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు కార్డ్ కంపెనీకి ఫిర్యాదు రాతపూర్వకంగా పంపాలి. ఫ్లోరిడాలో వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునేది అక్కడి వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖ, వాళ్ళకి కూడా పెట్టాం. ఆర్వీ పార్కులకి పర్మిట్ ఇచ్చేది ఆరోగ్య శాఖ కాబట్టి కౌంటీ ఆఫీసుకి రేపు రాస్తున్నాను. ఈ వేసవిలో ఆ వైపు ఇలాగే జరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే మీ కన్ఫర్మేషన్ మెయిల్, ఫొటోలు పారేయకుండా ఉంచండి.