యాంటీ హ్యూమన్ ఐజీజీ సెకండరీ: ఫిట్సీ మేలా, అలెక్సా 488 మేలా?

ల్యాబ్‌లో కొత్తగా చేరిన పీహెచ్‌డీ పిల్లల దగ్గర్నుంచి, ఆర్డర్ పెట్టే ముందు రోజు ఫోన్ చేసే పాత స్నేహితుల దాకా అందరూ అడిగేది ఇదే. ఐజీజీ అంటే మన రక్తంలోని ఒక యాంటీబాడీ రకం. మనిషి ఐజీజీని పట్టుకుని మెరిసి చూపించే సెకండరీ యాంటీబాడీని ఫిట్సీ అనే మెరిసే రంగుతో తీసుకోవాలా, అలెక్సా ఫ్లోర్ 488తో తీసుకోవాలా? రంగు సంగతి చెప్తాను గానీ, కేటలాగ్‌లో ఆ పేరు వెనకాల ఇంకో నాలుగు మాటలు చిన్న అక్షరాల్లో ఉంటాయి. డబ్బు, టైమ్, శాంపిల్ ఎక్కువగా వృథా అయ్యేది అవి చదవకపోవడం వల్లే.

రంగు విషయం తొందరగానే తేలిపోతుంది. రెండింటినీ 488 నానోమీటర్ల నీలి లేజరే వెలిగిస్తుంది, రెండూ 520 దగ్గర పచ్చగా కనిపిస్తాయి, ఫిల్టర్ కూడా మార్చక్కర్లేదు. తేడా ఓర్పులో ఉంది. ఫిట్సీకి పీహెచ్ 8 పైన ఉంటే హాయి. 6.5 దగ్గరికి దిగిందంటే వెలుగు దాదాపు సగం పోతుంది. దాని స్లైడ్లకు క్షార బఫర్ కలిపిన గ్లిజరాల్ వాడేది అందుకే. అలెక్సా 488 పీహెచ్ 4 నుంచి 10 దాకా పెద్దగా చలించదు. కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ మీద పొర తర్వాత పొర ఫొటో తీస్తుంటే ఫిట్సీ చివరి పొరకు వచ్చేసరికి వెలిసిపోతుంది, అలెక్సా నిలబడుతుంది. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి కొలిచే ఫ్లో సైటోమెట్రీలో మాత్రం కణం లేజర్ ముందు మైక్రోసెకన్లే ఉంటుంది కాబట్టి వెలిసిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు.

హెప్-2 అనే ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాల మీద ఏఎన్ఏ (సొంత కణాల కేంద్రకాన్నే పట్టే యాంటీబాడీల పరీక్ష) చేసేవాళ్లు కిట్‌తో వచ్చిన ఫిట్సీనే వాడండి. 1:80 (సీరమ్‌ను ఎనభై రెట్లు పల్చన చేయడం) లాంటి కటాఫ్ ఆ కాంజుగేట్‌తో, అంటే రంగు తగిలించిన ఆ యాంటీబాడీతో, కుదిర్చినది. ఇంకా మెరిసేది పెడితే నెగటివ్ సీరమ్‌లు కూడా పాజిటివ్‌గా కనిపించడం మొదలవుతుంది. అప్పుడు కటాఫ్ అంతా మళ్లీ మొదటి నుంచి తేల్చుకోవాలి.

ఇక ఆ చిన్న అక్షరాలు. యాంటీ హ్యూమన్ ఐజీజీ అన్న పేరు తర్వాత ‘హెచ్ ప్లస్ ఎల్’ అని ఉందా, ‘ఎఫ్‌సీ గామా స్పెసిఫిక్’ అని ఉందా? హెచ్ అంటే యాంటీబాడీలోని హెవీ చెయిన్, ఎల్ అంటే లైట్ చెయిన్. ఎఫ్‌సీ అంటే యాంటీబాడీ తోక, గామా అంటే ఐజీజీకి మాత్రమే ఉండే హెవీ చెయిన్. నా దృష్టిలో మొత్తం ఇక్కడే తేలుతుంది. మేకకో గాడిదకో మనిషి పూర్తి ఐజీజీ ఎక్కించి తయారు చేసిన యాంటీబాడీలో కొంత భాగం లైట్ చెయిన్లనూ పడుతుంది. కప్పా, లాంబ్డా అనే ఈ లైట్ చెయిన్లు ఐజీజీ సొంత ఆస్తి కావు, మిగతా యాంటీబాడీ రకాలైన ఐజీఎంలో, ఐజీఏలో కూడా అవే. కాబట్టి సీసా మీద ఐజీజీ అని ఉన్నా, హెచ్ ప్లస్ ఎల్ రకం ఐజీఎంనీ వెలిగిస్తుంది.

స్క్రబ్ టైఫస్ జ్వరానికి చేసే ఐఎఫ్ఏనే (మెరిసే రంగుతో స్లైడ్ మీద యాంటీబాడీ చూసే పరీక్ష) తీసుకోండి. తిరుపతి వైపు ఈ జ్వరం చూసేవాళ్లకు ఇది కొత్త కాదు. ఒరియెన్షియా (ఆ జ్వరం తెచ్చే బ్యాక్టీరియా) పూసిన స్లైడ్ మీద ఒక గడిలో ఐజీఎం, ఇంకో గడిలో ఐజీజీ విడివిడిగా చూడాలి. ఐజీజీ గడిలో హెచ్ ప్లస్ ఎల్ వేస్తే, జ్వరం కొత్తగా వచ్చిన మనిషి ఐజీఎం అక్కడా మెరుస్తుంది. చూసేవాళ్లు ఐజీజీ అప్పుడే వచ్చేసిందని రాసుకుంటారు. ఐజీజీకి గామా, ఐజీఎంకు దాని సొంత హెవీ చెయిన్ అయిన మ్యూ చెయిన్ స్పెసిఫిక్ కొనాల్సిందే. ఐజీఎం వైపు రుమటాయిడ్ ఫ్యాక్టర్ (ఐజీజీకే అతుక్కునే ఐజీఎం) గొడవ వేరే ఉంది, దానికి సీరమ్‌లోని ఐజీజీని ముందే తీసేయాలి. సెకండరీ ఎంత మంచిదైనా ఆ పని చేయలేదు.

కిడ్నీ మార్పిడికి ముందు చేసే ఫ్లో క్రాస్‌మ్యాచ్‌లో (దాత కణాలను పట్టే యాంటీబాడీలు రోగి సీరమ్‌లో ఉన్నాయేమో ఫ్లోలో చూసే పరీక్ష) ఇది ఇంకా ముదురుతుంది. దాత బీ కణాల పైపొర మీద వాటి సొంత ఐజీఎం, ఐజీడీ ఉంటాయి. హెచ్ ప్లస్ ఎల్ వేస్తే నెగటివ్ కంట్రోల్ సీరమ్‌తోనే బీ కణాలు పాజిటివ్ అయి కూర్చుంటాయి. పైగా ఆ కణాలకు యాంటీబాడీ తోకను పట్టే ఎఫ్‌సీ రిసెప్టర్లున్నాయి, తోకతో ఉన్న పూర్తి సెకండరీ వాటికి అతుక్కోగలదు. అందుకే తోక కోసేసిన ఫ్యాబ్2 ముక్క, అదీ ఎఫ్‌సీ గామా స్పెసిఫిక్, కావాలి. రోగి సీరమ్‌లోని ఐజీజీయే రిసెప్టర్లకు అతుక్కునే సమస్య దీనితో పోదు, ఆ రిసెప్టర్లను కోసేసే ప్రొనేజ్ అనే ఎంజైమ్ వాడేది దానికే.

అలాగని హెచ్ ప్లస్ ఎల్‌ను చెత్తబుట్టలో వేయకండి. మీ ప్రైమరీ, అంటే మొదట వేసే యాంటీబాడీ, హ్యూమన్ ఫ్యాబ్ (యాంటీబాడీ ఒక్క చేయి ముక్క) అయితే దానికి ఎఫ్‌సీయే లేదు, ఎఫ్‌సీ స్పెసిఫిక్‌కు ఏమీ కనబడదు. రిటుక్సిమాబ్ లాంటి పూర్తి యాంటీబాడీల తోక మాత్రం మనిషిదే కనుక వాటికి ఎఫ్‌సీ గామా చక్కగా సరిపోతుంది.

చిన్న అక్షరాల్లో మిగిలింది క్రాస్ అడ్సార్బ్‌డ్, అంటే వేరే జంతువుల ఐజీజీని పట్టే యాంటీబాడీలను ముందే తీసేసింది. సెకండరీ వేసిన ట్యూబులోనే టీ, బీ కణాలను గుర్తుపట్టే ఎలుక (మౌస్) యాంటీ సీడీ3, సీడీ19 వేస్తుంటే, ఎలుక ఐజీజీ మీద అడ్సార్బ్ చేసింది తప్పనిసరి. ఒట్టి రోగి సీరమ్ ఒక్కటే పెట్టే స్లైడ్లకు ఆ అదనపు డబ్బు దండగ. పైగా అడ్సార్బ్ చేసినప్పుడు సిగ్నల్ కొంచెం తగ్గొచ్చు కూడా. ఏది కొన్నా డైల్యూషన్ మీ చేతుల్లోనే తేల్చుకోండి, సెకండరీ ఒక్కటే వేసిన గడి ప్రతి రన్‌లోనూ ఉంచండి.

నన్నడిగితే ఎఫ్‌సీ గామా స్పెసిఫిక్, ఫ్యాబ్2, ఎలుకకు అడ్సార్బ్ చేసింది, అలెక్సా 488. గ్రాంట్ డబ్బు చాలకపోతే రంగు దగ్గర తగ్గి ఫిట్సీకి దిగండి, స్పెసిఫిసిటీ దగ్గర తగ్గకండి.

మిగతా రంగుల సంగతి రెండు ముక్కల్లో. పీఈ అనే రంగు ఫ్లోలో బాగా మెరుస్తుంది, బలహీనమైన సిగ్నల్‌కు పనికొస్తుంది. మైక్రోస్కోప్ కింద త్వరగా వెలిసిపోతుంది, అక్కడ వద్దు. కణజాలం తనంతట తానే పచ్చగా మెరుస్తుంటే అలెక్సా 647కి వెళ్లండి. అది కంటికి కనబడదు కాబట్టి కెమెరా ఉన్న మైక్రోస్కోప్ దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే ఆర్డర్ పెట్టండి.