షాట్‌గన్ ట్రిగ్గర్ బిగువు తగ్గించిన గన్‌స్మిత్ పనితనం: ఒక సమీక్ష

నా 12 బోర్ పంప్ షాట్‌గన్ (ముందున్న పంప్ పిడిని వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించే తుపాకి) బరువు 3.2 కిలోలు కాగా, దాని ట్రిగ్గర్ లాగడానికి సుమారు 3.4 కిలోల బలం పట్టేది. తుపాకి బరువును మించిన బలం ఒక్క వేలితో పెట్టవలసి వచ్చినప్పుడు గురి ఎంత కుదిరినా పేలే క్షణానికి గొట్టం కిందికో పక్కకో జరుగుతుంది. ట్రిగ్గర్ బిగువు తుపాకి బరువులో సగానికి దగ్గరగా ఉండాలన్నది పాతకాలపు పనివారి లెక్క. ఎగిరే క్లేలను (గురికోసం గాల్లోకి విసిరే బిళ్లలను) కొట్టేవారు సాధారణంగా కోరుకునేదీ 1.6 నుంచి 2 కిలోల మధ్యే. రైఫిల్ పట్టినవాడు ఊపిరి బిగబట్టి మెల్లగా వేలు బిగించగలడు గానీ, షాట్‌గన్ పట్టినవాడికి ఆ వ్యవధి ఉండదు. తుపాకి కదులుతుండగానే లాగాలి.

నేను ఆశ్రయించిన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివారు) పని మొదలుపెట్టకముందే నచ్చారు. ఖాళీ తుపాకిలో స్నాప్ క్యాప్ (పేలని ఉత్తుత్తి తూటా) పెట్టి, లాగే బలాన్ని చూపే గేజ్ కొక్కేన్ని ప్రతిసారీ ట్రిగ్గర్ వంపులో ఒకే చోట ఆనించి, పదిసార్లు కొలిచారు. కొక్కెం కొసవైపు జారితే అంకె తక్కువ వస్తుందని, చాలామంది కొలతల్లో తేడాకు మూలం అదేనని వివరించారు. నా తుపాకి 3.1 నుంచి 3.8 వరకు ఊగిసలాడింది. “బిగువు సంగతి తర్వాత చూద్దామండీ, ముందు దీనికి నిలకడ లేదు” అన్నారు.

ఆ తర్వాత కూడా వెంటనే ఆకురాయి పట్టలేదు. పిన్నులు తీసి ట్రిగ్గర్ భాగాన్ని బయటకు లాగితే, గట్టిపడిన పాత నూనె, మందు మసి కలిసి జిగటగా పేరుకుని కనిపించాయి. కడిగి, పలుచగా నూనె వేసి మళ్లీ కొలిస్తే అర కిలో దానంతటదే తగ్గింది. ఇన్నాళ్లూ తయారీలోపమని తిట్టుకున్నదానిలో కొంత నా బద్ధకమేనన్నమాట.

మిగిలిన పని రెండు చోట్ల జరిగింది. సియర్ (ట్రిగ్గర్ లాగేదాకా హ్యామర్‌ను ఆపి ఉంచే కొక్కెం), హ్యామర్ (తూటా పేలేలా దెబ్బ వేసే లోపలి సుత్తి) ఒకదానినొకటి పట్టుకునే అంచులను కోణం మారకుండా సన్నని రాయితో నునుపు చేశారు; సియర్ స్ప్రింగ్ మార్చారు. ఆ అంచుల గట్టిదనం చాలా తుపాకుల్లో పైపొరకే పరిమితం కాబట్టి, ఎక్కువ అరగదీస్తే లోపలి మెత్తని ఇనుము బయటపడి, నేడు హాయిగా ఉన్న ట్రిగ్గర్ కొన్నాళ్లకు ప్రమాదకరంగా మారుతుంది. హ్యామర్ స్ప్రింగ్‌ను ముట్టుకోలేదు. దాన్ని బలహీనపరిస్తే లాగడం తేలికవుతుంది, కానీ ప్రైమర్‌పై (తూటా అడుగున దెబ్బకు అంటుకునే మందుపై) దెబ్బ చాలక తూటా పేలకపోవచ్చు.

నేను 1.4 కిలోలు అడిగాను, ఆయన ఒప్పుకోలేదు. చాలా షాట్‌గన్‌లలో సేఫ్టీ మీట ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, సియర్‌ను కాదు. సియర్, హ్యామర్‌ల మధ్య పట్టు మరీ సన్నగా ఉంటే సేఫ్టీ వేసి ఉన్నా గట్టి కుదుపుకు హ్యామర్ జారవచ్చు. చివరకు 1.95 కిలోల దగ్గర ఆగారు. హెచ్చుతగ్గులు 100 గ్రాములు దాటలేదు. ఖాళీ తుపాకిని కాక్ చేసి (హ్యామర్‌ను పేలే స్థితిలో నిలిపి) బట్‌ను (భుజానికి ఆనే వెనక భాగాన్ని) రబ్బరు సుత్తితో పలుమార్లు కొట్టి, పంప్‌ను బలంగా ముందుకు తోసి, హ్యామర్ నిలుస్తోందని నా కళ్లముందే చూపించారు. ఈ పరీక్ష చేయని చోట ట్రిగ్గర్ పని చేయించుకోవద్దని నా అభిప్రాయం.

లోపాలూ ఉన్నాయి. వారమన్న పని మూడు వారాలు పట్టింది, నేనే ఫోన్ చేసి కనుక్కోవలసి వచ్చింది. కొలతలు కాగితంపై రాసివ్వలేదు. పాత స్ప్రింగ్ అడిగితే తప్ప చేతికి రాలేదు. అన్నిటికంటే, హ్యామర్ విడిపోయాక కూడా ట్రిగ్గర్ వెనక్కి సాగే దూరం అలాగే మిగిలిపోయింది. ఆపడానికి చిన్న స్క్రూ పెట్టవచ్చు గానీ, అది వదులై జరిగితే ట్రిగ్గర్ అసలు పనిచేయకపోవచ్చని ఆయన వెనుకాడారు. ఆ జాగ్రత్త నాకు కాస్త అతి అనిపించింది.

మొదటి 25 క్లేలలో రెండుసార్లు నేను అనుకున్నదానికంటే ముందే తుపాకి పేలింది. బిగువుకు అలవాటైన వేలు ఇంకా పాత బలంతోనే పని మొదలుపెడుతోంది. అందువల్ల మరో రెండు వారాలు స్నాప్ క్యాప్‌లతోనే సాధన చేశాను. సుమారు 1,500 తూటాల తర్వాత మొన్న అదే గేజ్‌తో మళ్లీ కొలిపిస్తే 1.9 కిలోలు వచ్చింది, సుత్తి పరీక్షలోనూ హ్యామర్ జారలేదు. ఈసారి అంకెలు నేనే రాసుకున్నాను.