హిట్లర్ గొంతు, చర్చిల్ ముఖం

‘డౌన్‌ఫాల్’ (2004) సినిమాలో హిట్లర్‌గా వేసిన బ్రూనో గాంజ్ ముందు చెవులకు పని చెప్పాడు. 1942లో ఫిన్లాండ్‌లో రహస్యంగా రికార్డయిన 11 నిమిషాల టేపు ఒకటుంది. అందులో హిట్లర్ సభల్లోలా అరవడు, మామూలుగా కబుర్లాడతాడు. గాంజ్ పట్టుకున్నది ఆ గొంతునే. హిట్లర్ వణికే చెయ్యి కోసం ఆస్పత్రిలో పార్కిన్సన్స్ రోగులను దగ్గరుండి గమనించాడు.

‘డార్కెస్ట్ అవర్’ (2017)లో చర్చిల్‌గా వేసిన గ్యారీ ఓల్డ్‌మన్‌కు మేకప్ కుర్చీయే సగం ప్రిపరేషన్. కజుహిరో త్సుజీ చేసిన కృత్రిమ బుగ్గలు, చుబుకం అతికించడానికే రోజూ మూడు గంటల పైమాటే. పైగా చుట్టలు కాల్చీ కాల్చీ ఒంట్లో నికోటిన్ విషం ఎక్కింది (ఇంత అవసరమా అనిపిస్తుంది!).

నా ఓటు గాంజ్‌కే. వీపు వెనక దాచిన ఆ ఎడమచేతి వణుకు ఏ మేకప్‌తోనూ రాదు. ఆస్కార్ మాత్రం ఓల్డ్‌మన్‌కు దక్కింది, గాంజ్‌కు నామినేషన్ కూడా రాలేదు.