చుక్క చుక్కా సాగదీయాలా, ఆగి తరమాలా? ఇండీ 500 ఆఖరి ల్యాప్‌లలో ఏది మేలు

అమెరికాలో 200 ల్యాప్‌లు (చుట్లు) సాగే కార్ల రేసు ఇండియానాపోలిస్ 500, అంటే ఇండీ 500. దాన్ని చూసేవాళ్ల మధ్య ప్రతి మే నెలలోనూ తిరిగొచ్చే ప్రశ్న ఇది. వేగంలో పెద్ద జట్లకు సరితూగని కారు ఆఖరి ముప్పై నలభై ల్యాప్‌లలో ఏం చేయాలి? ట్యాంకులో ఉన్నదాంతోనే గీత దాటేలా ఇంధనం పొదుపు చేయాలా, లేక ఇంకోసారి పిట్‌లోకి (ట్రాక్ పక్కన ఇంధనం నింపి, టైర్లు మార్చేచోటికి) వెళ్లి నింపుకొచ్చి, మిగిలిన దూరం కాలు తీయకుండా తరమాలా? అడిగేవాళ్లు దాదాపు ఎప్పుడూ రెండు రేసుల్నే ముందు పెడతారు: 2011లో డాన్ వెల్డన్ గెలుపు, 2016లో అలెగ్జాండర్ రోసీ గెలుపు. రెండు కార్ల నంబరూ 98. రెంటి వెనకా ఉన్న మనిషి జట్టు యజమాని బ్రయాన్ హెర్టా. తేదీ కూడా ఒకటే, మే 29. గెలిచిన దారులు మాత్రం ఒకటి తూర్పు, ఒకటి పడమర. రోసీ సాగదీశాడు, వెల్డన్ తరిమాడు.

ముందు సాగదీయడం సంగతి. 2016 కారు ట్యాంకులో పట్టేది 18.5 అమెరికన్ గాలన్లు, మన లెక్కలో 70 లీటర్లు. అందులో పోసేది ఇథనాల్ ఎక్కువగా కలిసిన ఈ85. పూర్తి వేగంతో పోతే ఆ ట్యాంకు 31, 32 ల్యాప్‌లకు ఖాళీ. రోసీ ఆఖరుసారి ఆగింది 164వ ల్యాప్‌లో. అంటే ఇంకా 36 ల్యాప్‌లు, ల్యాప్‌కు రెండున్నర మైళ్ల చొప్పున 90 మైళ్లు, 145 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు ఇంచుమించు అంతే దూరం, లీటరుకు రెండు కిలోమీటర్లు ఇచ్చే బండిలో. ఇలా చూస్తే ల్యాప్‌కు 2.2 లీటర్లు తాగే ఇంజన్‌ను 1.95కి దించాలి. తేడా పావు లీటరు. ట్రాక్‌కు నాలుగు మలుపులు కాబట్టి ఒక్కో మలుపు దగ్గర మిగల్చాల్సింది టీ గ్లాసులో సగం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, పక్కవాడు గంటకు 220 మైళ్లతో పోతుంటే ఆ సగం గ్లాసు మిగల్చడం మాటలు కాదు.

మిగిల్చే దారులు మూడు. మొదటిది స్టీరింగ్ మీది నాబ్ తిప్పి ఇంధన మిశ్రమాన్ని పలచన చేయడం. దానితో పవర్ కొంత పోతుంది. రెండోది ఇంకో కారు వెనక స్లిప్‌స్ట్రీమ్‌లో దాక్కోవడం. ముందువాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడు తక్కువ యాక్సిలరేటర్‌తోనే అదే వేగం నిలుపుకుంటాడు. మూడోది మలుపు రాకముందే కాలు తీసేసి దొర్లించడం. మామూలుగా కాలు తీయకుండానే దాటేసే ఒకటి, మూడు మలుపుల ముందు, పొడవాటి స్ట్రెయిట్‌లు ముగిసేచోట, వంద రెండొందల గజాలు ముందే వదిలేస్తారు. మరీ పీకలమీదికి వస్తే క్లచ్ నొక్కి, ఇంజన్ వెనక్కి లాగకుండా బండిని దాని ఊపు మీదే పోనిస్తారు. రోసీ ఈ మూడూ చేశాడు. స్లిప్‌స్ట్రీమ్ ఇచ్చింది తన జట్టు సహచరుడు ర్యాన్ హంటర్-రే. అతను అంతకు ముందే పిట్ లేన్‌లో టౌన్‌సెండ్ బెల్ వల్ల గుద్దుకుని ల్యాప్‌లు కోల్పోయి ఉన్నాడు, గెలుపు ఆశ ఎటూ లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు చూసినవాళ్లకు ఈ కాలు తీసి దొర్లించే పద్ధతి కొత్తేమీ కాదు. అక్కడ మిగుల్చుకునేది బ్యాటరీ చార్జి, అంతే తేడా.

ఇది ఎక్కడ చెడుతుందంటే ముఖ్యంగా రెండు చోట్ల. డ్రైవర్ ముందు తెర మీద కనిపించే ఇంధనం అంకె ట్యాంకులో కొలిచి చెప్పింది కాదు. ఇంజెక్టర్లు ఎంత వదిలాయో కంప్యూటర్ కూడుకుంటూ వచ్చిన మొత్తం అది. నింపేటప్పుడు ట్యాంకు అంచు దాకా నిండలేదంటే, మొదటి ల్యాప్ నుంచే లెక్క తప్పు. రెండోది, ఓవల్‌లో (కోలగా ఉండే ట్రాక్‌లో) మలుపులన్నీ ఎడమకే గనుక ఆఖరి లీటరు రెండు లీటర్లు ట్యాంకులో కుడివైపుకు దొర్లుతుంటాయి. పంపుకు అది అందీ అందకుండా ఉంటే ఇంజన్ దగ్గడం మొదలెడుతుంది. అంకె ప్రకారం ఇంకా ఉన్నట్టే, ఇంజన్‌కు మాత్రం లేనట్టే.

తరమడానికి లెక్క ఇంత గజిబిజిగా ఉండదు. ఆఖరి ఐదారు ల్యాప్‌లకు కావాల్సింది పది పన్నెండు లీటర్లు. ఎత్తులో ఉన్న తొట్టి నుంచి దిగే గొట్టం దాన్ని సెకను, సెకనున్నరలో పోసేస్తుంది. టైర్లు మార్చకపోతే ఆగిన సమయం లెక్కలోకే రాదు. అసలు నష్టమంతా పిట్ లేన్‌లో గంటకు 60 మైళ్ల పరిమితి దగ్గర. పక్కన ట్రాక్ మీదివాళ్లు దానికి మూడున్నర రెట్ల వేగంతో పోతుంటారు. వేగం తగ్గించుకోవడం, లేన్ దాటడం, మళ్లీ వేగం అందుకోవడం, అంతా కలిపితే అర నిమిషానికి అటూ ఇటూ. ఒక ల్యాప్‌కు 41 సెకన్లు పట్టేచోట అర నిమిషమంటే ట్రాక్‌లో ముప్పాతిక భాగం వెనకబడ్డట్టే. అయితే అదే పనిని అందరూ ఆగే వేళ కంటే పది ల్యాప్‌లు ఆలస్యంగా ముగించుకున్నవాడికి చివర్లో ఏ చింతా ఉండదు. వెల్డన్ చేసింది అదే. ముందున్న జె.ఆర్. హిల్డెబ్రాండ్ కంటే ఆలస్యంగా ఆఖరి ఆపు ముగించుకుని, ఇంధనం గొడవ లేకుండా చివరిదాకా పూర్తి వేగంతో వచ్చాడు.

ఇంతవరకూ చాలామంది చెప్పేదే. వాదనలో ఎక్కువమంది ఇంధనం దగ్గరే ఆగిపోతారు. మా దృష్టిలో తేల్చేది ఇంధనం కాదు, వెనకున్నవాడికీ నీకూ మధ్య ఎడం. పొదుపు చేసేవాడికి ఆ ఎడమే సొమ్ము. సొమ్ము ఉంటే నిదానంగా పోవచ్చు, లేకపోతే ట్యాంకులో ఎంత ఉన్నా చాలదు.

రోసీ ఆఖరి ల్యాప్ సగటు వేగం గంటకు 179.784 మైళ్లు. అంటే ఆ ఒక్క చుట్టుకు 50 సెకన్లు. మామూలు వేగం కన్నా తొమ్మిది సెకన్లు ఎక్కువ. అయినా రెండోవాడు కార్లోస్ మున్యోజ్ 4.4975 సెకన్ల వెనకే ఉండిపోయాడు. వెనక్కి లెక్కేస్తే ఆ ల్యాప్ మొదట్లో రోసీ చేతిలో పదమూడు సెకన్ల పైచిలుకు ఉన్నట్టు. మున్యోజ్, జోసెఫ్ న్యూగార్డెన్ లాంటివాళ్లు చివరి ల్యాప్‌లలో ఒక్క గుక్క ఇంధనం కోసం ఆగబట్టి వచ్చిన ఎడం అది. రోసీ దాన్ని పైసా మిగల్చకుండా ఖర్చు పెట్టాడు. నాలుగో మలుపు దాటేసరికి ట్యాంకు ఎండిపోయింది, గీత ఊపు మీద దాటాడు. ఆ తర్వాత కారు ట్రాక్ మీదే నిలిచిపోతే విజేతల చోటికి తాడు కట్టి లాక్కొచ్చారు.

హిల్డెబ్రాండ్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. 2011లో అతనూ రోసీలాగే కొత్తవాడు, అతనూ పొదుపులోనే ఉన్నాడు. మూడు ల్యాప్‌లు ఉండగా బెర్ట్రాండ్ బగెట్ ఇంధనానికి ఆగడంతో ముందుకొచ్చాడు. ఆఖరి ల్యాప్ ఆఖరి మలుపు, ఎదురుగా ఒక ల్యాప్ వెనకబడి నెమ్మదిగా పోతున్న చార్లీ కింబల్ కారు. వెనక వెల్డన్ ఇంకా అందే దూరంలో లేడు. కింబల్ వెనకే అర సెకను కాలు తీసి ఉంటే గెలుపు అతనిదే. ఊపు పోతుందని బయటివైపు నుంచి దాటబోయాడు. అక్కడ రేసు మొత్తంలో టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలు పేరుకుని ఉంటాయి. వాటి మీద పట్టు దొరకదు. కారు జారి గోడకు రాసుకుంది. ముక్కలైన కారు గోడ వెంటే జారుతూ గీత దాటేసరికి వెల్డన్ దాటిపోయి 2.1086 సెకన్లు. ఆ రేసులో వెల్డన్ ముందున్నది ఆ ఒక్క ల్యాప్‌లోనే, అదీ దాని చివరి కొన్ని వందల గజాలే. జేబులో సొమ్ము పెట్టుకుని అప్పు చేసినవాడిలా ఓడాడు హిల్డెబ్రాండ్. (అంతకు ముందు రెండేళ్లూ అదే ప్యాంథర్ జట్టు కారులో రెండో స్థానంలో వచ్చి సీటు పోగొట్టుకున్నవాడు వెల్డన్. అతని చోట్లోకి వచ్చినవాడే హిల్డెబ్రాండ్. కథ రాస్తే ఎవరూ నమ్మరు.)

మూడో సాక్ష్యం 2018. చివర్లో పసుపు జెండా (ట్రాక్ మీద ప్రమాదమైతే అందరినీ నెమ్మదిగా, దాటుకోకుండా పొమ్మనే గుర్తు) పడింది. కొందరు ఆగకుండా ట్రాక్ మీదే ఉండిపోయారు. స్టెఫాన్ విల్సన్ ముందు, జాక్ హార్వీ వెనక. ఇద్దరూ చిన్న అవకాశంతో వచ్చినవాళ్లే. పసుపు జెండాలో నెమ్మదిగా తిరిగినన్ని ల్యాప్‌లూ ఇంధనం మిగులుతుంది కదా అనుకుంటాం. నిజమే, కానీ అదే జెండా అందరినీ ఒకరి తోకకు ఒకరిని కట్టేస్తుంది. ఎడం సున్నా. ఆకుపచ్చ జెండా ఊపాక ముందున్నవాడు కాలు తీస్తే వెనకున్న విల్ పవర్ ఆ మలుపులోనే దాటేస్తాడు. తీయకపోతే ట్యాంకు ఆగదు. పైగా ముందున్నవాడికి స్లిప్‌స్ట్రీమ్ దొరకదు. నాలుగు ల్యాప్‌లు ఉండగా ఇద్దరూ పిట్‌లోకి తిరిగారు. పవర్ గెలిచాడు. రోసీకి కూడా పసుపు జెండా కలిసొచ్చింది గానీ, అది అతను ఆఖరుసారి ఆగిన వేళ పడింది. రెండు మూడు ల్యాప్‌ల ఇంధనాన్ని మిగిల్చిపోయింది, ఎడం పెంచుకోవడానికి ముప్పై పైన ల్యాప్‌ల వ్యవధి వదిలింది.

ఇంకో దారి ఉంది, ముందున్నవాళ్లు చెడిపోయేదాకా కాచుకోవడం. 1987లో అల్ అన్సర్ సీనియర్ ఇరవయ్యో స్థానం నుంచి, హోటల్ లాబీలో ప్రదర్శనకు పెట్టిన కారుతో వచ్చి అలాగే గెలిచాడు. మారియో ఆండ్రెట్టి ఇంజన్ చెడింది, రాబర్టో గ్యుర్రెరో కారు పిట్‌లో ఆగిపోయింది. గొప్ప గెలుపే, పథకం అనడానికి వీల్లేదు.

కాబట్టి కారు వేగం సరిపోనివాడికి మా ఓటు సాగదీయడానికే, ఒక షరతు మీద. ఆఖరి ఆపు తర్వాత కనీసం ముప్పై ల్యాప్‌లు ఉండాలి, ముందున్నవాళ్లలో ఎక్కువమందికి ఇంకోసారి ఆగక తప్పని లెక్క కనిపించాలి. పదిహేను ల్యాప్‌లే ఉండి, పసుపు జెండా పడేలా ఉంటే ఆగి నింపుకోవడమే మంచిది. వెల్డన్ కారులా మొదటి పది స్థానాల్లో నిలబడే వేగమే ఉంటే (అతను మొదలెట్టింది ఆరో స్థానం నుంచి) సాగదీసే అవసరమే లేదు, ఆగి తరమాలి. ఇక చిన్నవాడి గెలుపుగా ఏది పెద్దదంటే ఆ మాట వేరు. 2016 నాటికి హెర్టా పెద్దదైన ఆండ్రెట్టి జట్టుతో కలిశాడు, రోసీకి స్లిప్‌స్ట్రీమ్ ఇవ్వడానికి సహచరుడున్నాడు, రెండో స్థానంలో వచ్చిన మున్యోజ్ కూడా అదే ఆండ్రెట్టి మనిషే. 2011లో వెల్డన్‌కు ఏడాది పొడుగునా నడిపే సీటు లేదు, ఆ ఒక్క రేసుకే కుదిరిన ఒప్పందం, వెనక హెర్టా చిన్న జట్టు. మరుసటేడు వచ్చిన, డల్లారా కంపెనీ చేసిన కొత్త కారును మొదట పరీక్షించి నడిపిందీ అతనే. 2011 అక్టోబరులో లాస్ వేగస్ ఓవల్ మీద అతను చనిపోయాక ఆ కారుకు అతని పేరు ఇంగ్లీషు తొలి అక్షరాలతో డీడబ్ల్యూ12 అని పేరు పెట్టారు. ఐదేళ్ల తర్వాత రోసీ చివరి చుక్క దాకా సాగదీసింది ఆ కారునే.