పాత అంబాసిడర్ ఏసీ వైరింగ్: ఏ కప్లర్లు నిలిచాయి, ఏవి కాలాయి

పాత అంబాసిడర్‌కో, ప్రీమియర్ పద్మినికో ఏసీ బిగించేవాళ్లు కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్ ఏ రకమో పదిసార్లు అడుగుతారు. కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ గూళ్ల జతలు), లగ్గుల (వైరు చివర బిగించే లోహపు కొసలు) సంగతి మాత్రం మెకానిక్కుకే వదిలేస్తారు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా తీరం వెంట తిరిగే బండ్లలో ఏసీ ఆగిపోయిందంటే, గ్యాసు నింపించే ముందు చూడాల్సింది వీటినే. కొన్ని ఎండాకాలాలు, వాటి నడుమ తుపాను వానలు దాటిన వైరింగ్ చూసి రాస్తున్న సమీక్ష ఇది.

ముందు కరెంటు లెక్క. బ్లోయర్ ఫుల్ స్పీడులో 15 నుంచి 20 ఆంపియర్లు లాగుతుంది. కండెన్సర్ ఫ్యాను 8 నుంచి 10, తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఇంకా ఎక్కువ. కంప్రెసర్‌ను బెల్టు పుల్లీకి కలిపే విద్యుత్ క్లచ్ 4 దాకా. రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) పెట్టి వైరింగ్ చేస్తే ట్రైనరీ స్విచ్ (గ్యాసు ఒత్తిడిని బట్టి క్లచ్‌నూ, ఫ్యానునూ నడిపేది) మీద పెద్ద భారం పడదు. పాత లూకాస్ డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లే కాబట్టి ఆల్టర్నేటర్ వేయని బండికి మిగతా చర్చ అనవసరం.

కాలేది ఎక్కువగా బ్లోయర్ దగ్గరే. అక్కడ ఉండేది మామూలు 6.3 మిల్లీమీటర్ల లగ్గు. లగ్గు పట్టు సడలి జాయింటులో 10 మిల్లీ ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకోండి, 18 ఆంపియర్ల దగ్గర అక్కడే 3 వాట్లకు పైగా వేడి పుడుతుంది. గోరంత లోహానికి అది చాలా ఎక్కువ. వేడికి స్ప్రింగు గుణం పోతుంది, పట్టు ఇంకా సడలుతుంది, నైలాన్ గూడు గోధుమరంగుకు తిరిగి కరుగుతుంది. డబ్బాల్లో కలిపి అమ్మే పేరులేని లగ్గుల్లో చాలావాటికి పైపూతే ఇత్తడి, లోపల ఇనుము. కొనేముందు చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే పక్కన పెట్టేయండి. తగరం పూత ఉన్న ఇత్తడి లగ్గు, 44/0.30 వైరు (0.30 మిల్లీమీటర్ల తీగలు 44 ఉన్నది), 20 ఆంపియర్ల ఫ్యూజు వేసిన చోట ఇబ్బంది రాలేదు. ఫుల్ స్పీడు లైనును బ్లోయర్ స్విచ్‌లోంచి కాక రిలేలోంచి తీసుకోవాలి. అప్పుడు స్విచ్ కప్లరు మోసేది రిలే కాయిల్ కరెంటు మాత్రమే. ఈ ఒక్క మార్పుకు దక్కిన ఫలితం ఖరీదైన కప్లర్లకు కూడా దక్కలేదు.

గ్రిల్లు వెనక కండెన్సర్ వైపు కథ వేరు. అక్కడ శత్రువు వేడి కాదు, ఉప్పు. మైపాడు, కొత్తపట్నం వైపు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లలో సీలు లేని కప్లరు విప్పి చూస్తే పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఇక్కడ రబ్బరు సీళ్లతో వచ్చే సూపర్‌సీల్ 1.5 రకం కప్లరు బాగా నిలిచింది. 14 ఆంపియర్ల దాకా ఓర్చుకుంటుంది కనుక ఫ్యానుకూ, క్లచ్‌కూ సరిపోతుంది. చిక్కల్లా కొనడంలోనే. ఆటోనగర్‌లో తేలిగ్గా దొరికేది వైరు ముక్కతో సహా వచ్చే రెడీమేడ్ జత. ఆ వైరు సన్నం, ఫ్యానుకు చాలదు. గూడు, టెర్మినళ్లు, రబ్బరు సీళ్లు విడివిడిగా అడిగి తెచ్చుకోవాలి. సీలు రంధ్రం వైరు తొడుగు మందానికి సరిపోవాలి. వదులైతే నీళ్లు దిగుతాయి, మరీ బిగువైతే గుచ్చేటప్పుడే చిరుగుతుంది.

సీళ్లున్న కప్లర్లలోనే డాయిష్ డీటీ రకం ఇంకా మొండిది. పిన్నుకు 13 ఆంపియర్లు. వెనక సీలు 2.24 నుంచి 3.68 మిల్లీమీటర్ల తొడుగును పట్టుకుంటుంది కాబట్టి మనం వాడే 14/0.30 వైరుకు కుదురుతుంది. అయినా వెర్నియర్ పెట్టి చూసుకోవడం మంచిది. జేసీబీ, టిప్పర్ల ఎలక్ట్రికల్ స్పేర్లు అమ్మే కొట్లలో అడగండి, కారు స్పేర్ల కొట్లలో కాదు. లోపలి వెడ్జ్ లాక్ లేకుండా అంటగడతారు, గమనించండి. అది లేకపోతే పిన్ను వెనక్కి జారుతుంది. వాడని రంధ్రంలో ప్లగ్గు పెట్టకపోతే సీలున్న కప్లరు కొన్నా ఫలితం లేదు. దీని గుండ్రటి పిన్నులకు నాలుగు వైపుల నుంచి నొక్కే ప్రత్యేక క్రింపింగ్ టూలు (పిన్నును వైరుకు నొక్కి బిగించే పనిముట్టు) కావాలి. ఒక్క బండి కోసం ఆ టూలు కొనడం దండగే, సూపర్‌సీల్‌తో సరిపెట్టుకోండి.

క్రింపింగ్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పట్టకారుతో నొక్కి, సోల్డరు పోసి, టేపు చుట్టడం మన దగ్గర అలవాటు. సోల్డరు తీగల్లోకి పాకి ఆ భాగం బిరుసెక్కుతుంది, ఇంజను అదురుకు సరిగ్గా అది ఆగిన చోటే తెగుతుంది. టేపు జిగురు రోహిణి కార్తె ఎండకు కారిపోతుంది. రెండు రెక్కలూ లోపలికి మడిచే రాచెట్ టూలుతో నొక్కితే సోల్డరు అక్కర్లేదు. ముందు రెక్కలు రాగిని, వెనక రెక్కలు తొడుగునో సీలునో పట్టాలి. టేపుకు బదులు వేడి తగిలితే ముడుచుకుని పట్టేసే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వాడండి.

పాత సరుకు కావాలంటే చెన్నై పుదుపేట, కొత్తదానికి అక్కడి జీపీ (జనరల్ పాటర్స్) రోడ్డు. విజయవాడ ఆటోనగర్ కూడా ఉంది. పుదుపేటలో కోసిన కప్లరు కొంటే రెండు సగాలూ, ఒక్కోదానికి కనీసం 150 మిల్లీమీటర్ల వైరుతో తీసుకోండి. వైరు చివర సెంటీమీటరు తొడుగు ఒలిచి చూస్తే రాగి మెరవాలి. నల్లబడి ఉంటే ఆ కప్లరు ఇదివరకే వేడెక్కిందో, తడి దిగిందో అన్నమాట. కొత్త మేల్ లగ్గు (లోపలికి గుచ్చే రకం) ఒకటి జేబులో పెట్టుకెళ్లి గుచ్చండి, తిరిగి లాగితే బిగువుగా రావాలి. లాక్ నాలుకను గోటితో ఎత్తితే విరిగిందా, నైలాన్ పనైపోయినట్టే.

ఒక బండికి రెండు పిన్నుల సీలు జతలు 2, ట్రైనరీ స్విచ్‌కు నాలుగు పిన్నులది 1, రిలే సాకెట్లు 4, నాలుగు ఫ్యూజుల డబ్బా 1, లగ్గులు 30, సీళ్లు 20 తెచ్చుకోండి. క్రింపింగ్‌లో కొన్ని పాడవుతాయి.

బిగించాక బ్లోయర్ ఫుల్ స్పీడులో పెట్టి ప్రతి జాయింటుకూ రెండు వైపులా మల్టీమీటరు ఆనించండి. 0.1 వోల్టు దాటితే ఆ జాయింటు విప్పి మళ్లీ చేయాల్సిందే. కూలింగ్ కాయిల్ నీటి గొట్టం కింద ఏ కప్లరూ, రిలే సాకెట్టూ ఉండకూడదు. వైరును కప్లరు కంటే కిందికి వేలాడదీసి పైకి తెస్తే కారిన నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. ఒంటి వైరు క్లచ్‌కు ఎర్త్ కంప్రెసర్ బాడీ నుంచే. బ్రాకెట్ మీది రంగు గీకకపోతే కప్లరు ఎంత మంచిదైనా క్లచ్ పట్టీపట్టనట్టు టకటకలాడుతుంది. క్లచ్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ వేస్తే రిలే పాయింట్లు మాడవు, గీత ఉన్న కొస పాజిటివ్‌కు కలపాలి. బాగా పాత బండ్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది కాబట్టి డయోడ్ అతికే ముందు బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసిందో చూసుకోండి.