ఆధునిక కవిత్వంలో పీహెచ్‌డీ: ఫెలోషిప్‌తోనా, ఉద్యోగం చేస్తూనా?

కడప, అనంతపురంలో తెలుగు ఎం.ఏ. చేసినవాళ్లకు జూనియర్ లెక్చరర్ ఉద్యోగం వస్తే ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ మాత్రం పేపర్లు దిద్దడం, అడ్మిషన్ల పనుల మధ్య నలిగిపోతుంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు; ఐదేళ్ల తర్వాత ఉద్యోగానికి హామీ లేదు.

అయినా నా ఓటు ఫెలోషిప్‌కే. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ లాంటి కావ్యం మీద పనిచేయాలంటే పుస్తకం ఒక్కటే చాలదు. ఆ కాలపు పత్రికలు తిరగేయాలి, ముద్రణలు పక్కపక్కన పెట్టుకుని ఏ పాదం మారిందో చూడాలి. కడప బ్రౌన్ గ్రంథాలయంలో అలా కూర్చోవడానికి ఆదివారాలు సరిపోవు.

ఇంటి బరువు మీదున్నవాళ్లు మాత్రం ముందు ఉద్యోగంలో చేరండి, అందులో తప్పేం లేదు. గైడ్‌గా మాత్రం ఆధునిక కవిత్వం బాగా చదివినవారినే వెతుక్కోండి.