ఇంక్‌జెట్ ప్రింటర్‌లో నలుపు-తెలుపు ఫోటోలు ముద్రించడానికి రంగు సిరాలా, గ్రే సిరాలా?

ఖర్చు: రంగు సిరాలు ప్రింటర్‌లో ఎలాగూ ఉంటాయి. గ్రే సిరాలకు, అంటే రంగుల బదులు నింపే రకరకాల గాఢతల బూడిద సిరాలకు, ఒక ప్రింటర్‌ను పూర్తిగా కేటాయించాలి.

శ్రమ: రంగు సిరాలైతే డ్రైవర్‌లో నలుపు-తెలుపు మోడ్ ఎంచుకుంటే చాలు. గ్రే సిరాలకు క్వాడ్‌టోన్ రిప్ వంటి సాఫ్ట్‌వేర్ కావాలి. తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్లున్న పట్టీని ముద్రించి, ఆరనిచ్చి, ఒక్కో మెట్టు ఎంత ముదురుగా పడిందో (సాంద్రత) కొలిచి, కాగితం మారినప్పుడల్లా కొత్త కర్వ్ (ఏ ఛాయకు ఎంత సిరా వేయాలో చెప్పే లెక్క) తయారు చేసుకోవాలి. ఆ ఓపికకు ప్రతిఫలం మబ్బుల అంచుల్లో కనిపిస్తుంది: చుక్కలు లేని, పొగలా పలచనైన బూడిద రంగు. నాకు అదే ప్రాణం.

రిస్కు: రంగు సిరాల గ్రే ఎండలో ఒకలా, బల్బు కింద మరోలా కనిపించవచ్చు. కార్బన్‌తో చేసిన గ్రే సిరాల్లో ఆ తేడా చాలా తక్కువ, వెలిసిపోవడమూ తక్కువే. నాజిల్స్ (సిరా చిమ్మే సన్నని రంధ్రాలు) మూసుకుపోయే బెడద రెండింటికీ ఉంది.

అప్పుడప్పుడు ముద్రించేవారికి రంగు సిరాలే మేలు. ప్రతి వారం ముద్రిస్తూ, పాత ప్రింటర్ ఒకటి ఖాళీగా ఉంటే, గ్రే సిరాలు నింపండి.